ఐన్‌స్టీన్‌కు ఉద్యోగం ఎలా దొరికింది

నేను చదివిందీ ఈ బడిలోనే, పందొమ్మిదేళ్ళు ఫిజికల్ సైన్సు చెప్పిందీ ఈ బడిలోనే. ఆ చనువుతోనే కాబోలు, స్వర్ణోత్సవ సంచికకు ఐన్‌స్టీన్ మీద ఏదైనా రాసిమ్మని మన సంఘం కార్యదర్శి అడిగారు. సాపేక్ష సిద్ధాంతాన్ని నాలుగు పేజీల్లో తేలిక మాటల్లో చెబుతానని ఆయన ఆశ. దాని మీద తెలుగులోనే మంచి పుస్తకాలున్నాయి. నేను రాయదలచింది ఆయన నిరుద్యోగం గురించి. 1900 వేసవిలో డిప్లొమా చేతికొచ్చిన మనిషికి స్థిరమైన జీతం దొరికింది 1902 జూన్‌లో. మధ్యలో రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ మన పూర్వ విద్యార్థులు కొందరికి బాగా తెలిసిన రెండేళ్ళే. 1974లో డిగ్రీ పూర్తి చేసిన మా బ్యాచ్‌కి తెలుసు. 2009లో బి.టెక్. అయిన పిల్లలకు తెలుసు. కరోనా ఏడాదిలో బయటికొచ్చిన వాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

ముందు ఒక అపోహ తీసి పక్కన పెడతాను. ఐన్‌స్టీన్ చిన్నప్పుడు మొద్దు అనీ, లెక్కల్లో తప్పాడనీ వార్షికోత్సవ సభల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వెనక బెంచీ పిల్లలకు అది వినసొంపుగా ఉంటుంది. నిజం వేరు. పదిహేనేళ్ళు నిండేసరికే కలన గణితం సొంతంగా నేర్చుకున్న పిల్లవాడు. 1895లో జ్యూరిచ్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు కూర్చున్నప్పుడు మామూలు వయసు కంటే రెండేళ్ళు చిన్న. లెక్కలూ భౌతికశాస్త్రమూ బాగా రాశాడు, మిగతా విషయాల్లో చాలలేదు. ఒక సంవత్సరం ఆరావు అనే ఊళ్ళో బడికి వెళ్ళి, ఉత్తీర్ణుడై, 1896లో చేరాడు. చేరింది కూడా గణిత, భౌతికశాస్త్ర ఉపాధ్యాయులను తయారు చేసే విభాగంలో. అంటే మన బి.ఎడ్. వాళ్ళకు ఆయన ఒక రకంగా దగ్గరి చుట్టమే.

ఇంట్లో పరిస్థితి బాగాలేదు. తండ్రి హెర్మన్, పినతండ్రి యాకోబ్ కలిసి మ్యూనిక్‌లో విద్యుత్ సామగ్రి కంపెనీ నడిపారు. 1885లో ఆ ఊరి పెద్ద జాతరకు మొదటిసారి కరెంటు దీపాలు పెట్టింది వాళ్ళే. కానీ నగర వీధి దీపాల కాంట్రాక్టు న్యూరెంబర్గ్‌లోని షుకెర్ట్ అనే పెద్ద కంపెనీకి పోయింది. అంతటితో వీళ్ళ పని అయిపోయింది. 1894లో ఇటలీకి మకాం మార్చి పావియాలో ఫ్యాక్టరీ పెట్టారు. రెండేళ్ళలో అదీ మూతపడింది. యాకోబ్ బుద్ధిమంతుడై ఎక్కడో ఉద్యోగంలో చేరాడు. హెర్మన్ మాత్రం బంధువుల దగ్గర అప్పు చేసి మిలాన్‌లో మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టాడు. కొడుకు వద్దన్నా వినలేదు. ఇంట్లోవాళ్ళకు తాను బరువైపోయానని ఆ కొడుకు చెల్లెలికి రాసిన ఉత్తరం చదివితే, ఆ వయసులో ఆ బాధ పడ్డ వాళ్ళకు గుండె పట్టేస్తుంది.

జ్యూరిచ్‌లో తల్లి తరపు బంధువులు నెలకు 100 ఫ్రాంకులు పంపేవారు. అందులో 20 ఫ్రాంకులు స్విస్ పౌరసత్వం రుసుము కోసం దాచుకుని, మిగిలిన 80తో నెల గడిపేవాడు. డిప్లొమా రాగానే ఆ 100 ఆగిపోయాయి.

తరగతి గదిలో ఆయన ఎలా ఉండేవాడో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. క్లాసులు ఎగ్గొట్టేవాడు. గదిలో కూర్చుని మాక్స్‌వెల్, హెల్మ్‌హోల్ట్స్ గ్రంథాలు చదువుకునేవాడు. భౌతికశాస్త్ర ఆచార్యుడు హైన్రిష్ వేబర్ కొత్త సంగతులు చెప్పడం లేదని చిన్నచూపు. ఆయన్ని ప్రొఫెసర్‌గారూ అని కాకుండా వేబర్‌గారూ అని పిలిచేవాడట. మన దగ్గర మాస్టారిని పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రయోగశాల క్లాసులకు సరిగా రానందుకు ఇంకో ఆచార్యుడు రాతపూర్వకంగా మందలించాడు.

మరి పరీక్షలెలా గట్టెక్కాడు? మార్సెల్ గ్రోస్‌మన్ నోట్సుతో.

గ్రోస్‌మన్ అదే విభాగంలో సహాధ్యాయి. బుడాపెస్ట్‌లో పుట్టాడు, తండ్రికి జ్యూరిచ్ దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ. ప్రతి క్లాసుకూ వెళ్ళేవాడు, ప్రతి ముక్కా రాసుకునేవాడు, గురువులకు ఇష్టుడు. ఆ నోట్సులు యథాతథంగా అచ్చు వేసుకోదగ్గంత శుభ్రంగా ఉండేవట. వారానికోసారి ఇద్దరూ నది ఒడ్డునున్న కేఫ్ మెట్రొపోల్‌లో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. మన ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటి ఒక గ్రోస్‌మన్ ఉన్నాడు. వాడి నోట్సు మీద అయిదారుగురు గట్టెక్కి ఉంటారు. పేర్లు నేను రాయను, ఎవరి సంగతి వాళ్ళకు తెలుసు.

1900 వేసవి చివరి పరీక్షలకు ఐదుగురు కూర్చున్నారు. నలుగురు నెగ్గారు. ఐన్‌స్టీన్ నాలుగోవాడు, 6కు 4.91 సగటు. తప్పినది మిలేవా మారిచ్, సెర్బియా అమ్మాయి, ఐన్‌స్టీన్ పెళ్ళి చేసుకుందామనుకున్న మనిషి. నెగ్గిన నలుగురిలో ముగ్గురికి అదే పాలిటెక్నిక్‌లో సహాయకుల ఉద్యోగాలొచ్చాయి. రానిది ఒక్క ఐన్‌స్టీన్‌కే. వేబర్ తన ప్రయోగశాలకు ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులను తీసుకున్నాడు తప్ప ఈయన్ని పిలవలేదు. గణితాచార్యుడు హుర్విట్స్ దగ్గర ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాడు. హుర్విట్స్ సెమినార్లకు ఏనాడూ వెళ్ళలేదన్న సంగతి ఆ ఉత్తరంలో తానే ఒప్పుకోవలసి వచ్చింది. అదీ రాలేదు.

బయట కాలం కూడా కలిసిరాలేదు. 1890ల చివర జర్మనీలో విద్యుత్ కంపెనీలు విపరీతంగా పెరిగాయి. ట్రాములు, విద్యుత్ కేంద్రాలు, షేర్లు. 1900లో ఆ ఊపు ఆగిపోయి మాంద్యం పట్టుకుంది. 1901 జూన్‌లో లైప్‌జిగ్ బ్యాంకు కూలిపోయింది. మ్యూనిక్‌లో ఐన్‌స్టీన్ల నోటి దగ్గరి కూడు లాగేసిన షుకెర్ట్ కంపెనీ కూడా ఈ దెబ్బకు తట్టుకోలేక 1903లో సీమెన్స్‌తో కలిసిపోయింది. చదువుకు తగ్గట్టు ఏదైనా జర్మన్ విశ్వవిద్యాలయంలోనో, విద్యుత్ రంగంలోనో కుదురుకుందామనుకునే కుర్రాడికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. దానికి తోడు యూదుడు. జర్మన్ మాట్లాడే దేశాల్లో అదొక అడ్డుగోడ అని తానే మిలేవాకు రాసుకున్నాడు.

ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. 1901 మార్చిలో తన మొదటి పరిశోధన పత్రం అచ్చయింది, ద్రవాల కేశనాళికీయత మీద. ఆ ప్రతి ఒకటి లైప్‌జిగ్‌లోని ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్‌కు పంపి, ప్రయోగశాలలో చోటేమైనా ఉందా అని అడిగాడు. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. మొదటి ఉత్తరంలో నా చిరునామా రాశానో లేదో అనే సాకుతో ఇంకో కార్డు రాశాడు. ఈ సాకు తెలియని నిరుద్యోగి ఉంటాడా! లైడెన్‌లోని కామర్లింగ్ ఓనెస్‌కు జవాబు కార్డు జతచేసి పంపాడు. జవాబు భాగం ఖాళీగానే ఉండిపోయింది. గోటింగెన్‌కు రాశాడు, ఇటలీలో ఆచార్యులకు రాశాడు. వేబర్ తన గురించి చెడ్డగా చెబుతున్నాడేమోనని అనుమానం కూడా పట్టుకుంది.

1901 ఏప్రిల్ 13న మిలాన్ నుంచి ఓస్ట్‌వాల్డ్‌కు ఇంకొక ఉత్తరం వెళ్ళింది. రాసింది హెర్మన్ ఐన్‌స్టీన్. నా మాటల్లో దాని సారాంశం ఇది. అయ్యా, మీరెవరో నాకు తెలియదు, చొరవ చేసినందుకు మన్నించండి. మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. బాగా చదువుకున్నాడు, కష్టపడతాడు. ఉద్యోగం లేక రోజురోజుకీ కుంగిపోతున్నాడు, మాకు భారమయ్యానని బాధపడుతున్నాడు. వాడు పంపిన వ్యాసం చదివి రెండు ముక్కలు ధైర్యం చెబుతూ రాస్తే వాడికి మళ్ళీ ఉత్సాహం వస్తుంది. ఇప్పుడో వచ్చే శీతకాలానికో సహాయకుడి చోటు ఇప్పించగలిగితే మీ మేలు మరచిపోను. ఈ ఉత్తరం సంగతి వాడికి తెలియదు.

హెర్మన్ అప్పటికి నిండా అప్పుల్లో ఉన్నాడు, గుండె జబ్బు మనిషి. ఈ ఉత్తరాన్ని నేను పాఠం చెప్పిన రోజుల్లో ఏటా పదో తరగతి పిల్లలకు వినిపించేవాణ్ణి. తలిదండ్రుల సమావేశంలో వినిపించినప్పుడు వెనక నిలబడ్డ ఒక తండ్రి కండువాతో మొహం తుడుచుకోవడం చూశాను. దీనికీ జవాబు రాలేదు. 1910 నోబెల్ బహుమతికి ఐన్‌స్టీన్ పేరును అందరికంటే ముందు ప్రతిపాదించినవాడు ఇదే ఓస్ట్‌వాల్డ్. హెర్మన్ అది చూడలేదు.

తండ్రి ఆ ఉత్తరం రాసిన మర్నాడే, ఏప్రిల్ 14న, కొడుకు గ్రోస్‌మన్‌కు కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం రాశాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరి ఉత్తరం ఇంకొకరికి తెలియదు. జరిగిందేమిటంటే, మిత్రుడి అవస్థ గ్రోస్‌మన్ తన తండ్రితో చెప్పాడు. ఆ తండ్రికి బెర్న్ నగరంలోని స్విస్ పేటెంట్ కార్యాలయం డైరెక్టరు ఫ్రీడ్రిష్ హాలర్‌తో పరిచయం ఉంది. ఒకసారి మాట్లాడాడు. త్వరలో ఒక ఖాళీ రావచ్చు, వచ్చినప్పుడు చూద్దాం అన్న కబురు వచ్చింది. యూరప్ అంతా చుట్టివచ్చిన దరఖాస్తులు చేయలేని పని ఒక క్లాస్‌మేటు ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడిన నాలుగు మాటలు చేశాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి. రికమండేషన్ అనే మాట మన దగ్గర కంపు కొడుతుంది. కొట్టాలి కూడా. అర్హుడి చోటు అనర్హుడికి ఇప్పించే రికమండేషన్లు నేనూ చూశాను. గ్రోస్‌మన్ తండ్రి చేసింది అది కాదని నా అభిప్రాయం. ఆయన మాట వల్ల ఉద్యోగం వెంటనే చేతిలో పడలేదు. పద్నాలుగు నెలలు పట్టింది. ఖాళీని 1901 డిసెంబరులో ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటించారు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐన్‌స్టీన్ దరఖాస్తు పెట్టాడు. హాలర్ పిలిచి చాలాసేపు ప్రశ్నలడిగాడు. యంత్రాల డ్రాయింగులు చదవడం సరిగా రాదని తేలింది. అందుకని అనుకున్న రెండో తరగతి పోస్టు ఇవ్వకుండా మూడో తరగతిలో, అదీ తాత్కాలికంగా, వేసుకున్నాడు. పరిచయం తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈ కుర్రాడి దరఖాస్తు తిప్పి చూడండి అని చెప్పేవాడు ఒకడు ఉండడం, అంతే. మాంద్యం రోజుల్లో ఒక్కో పోస్టుకు వందల కాగితాలు వచ్చిపడుతుంటే ఆ మాత్రం చెప్పే దిక్కు లేకనే చాలామంది మిగిలిపోతారు.

నా సంగతి రెండు ముక్కలు చెబుతాను. 1974లో నేను బి.ఎస్సీ. పూర్తి చేశాను. ఆ ఏడు రైల్వే సమ్మె, ధరలు ఆకాశంలో, ఎక్కడికెళ్ళినా ఖాళీలు లేవు అనే బోర్డు. బి.ఎడ్. కూడా చేసి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు జేబులో పెట్టుకుని చెప్పులరిగేలా తిరిగాను. 1977లో మా బ్యాచ్ వాడే, జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసులో టైపిస్టుగా ఉన్నవాడు, కవరు పంపాడు. అందులో సైన్సు మాస్టర్ల పోస్టుల ప్రకటన, నింపాల్సిన ఫారం, తిరుగు టపాకి స్టాంపులు. గడువు నాలుగు రోజులుంది. మా ఊరికి పేపరు రాదని వాడికి తెలుసు. స్టాంపుల డబ్బులు వాడు ఇప్పటికీ తీసుకోలేదు. వాడి పేరు వేయవద్దన్నాడు కనుక వేయడం లేదు.

ఐన్‌స్టీన్ విషయంలో ఆ పద్నాలుగు నెలలూ ఎలా గడిచాయన్నది అసలు కథ. 1901 మే నుంచి జూలై దాకా వింటర్‌తూర్‌లోని సాంకేతిక పాఠశాలలో సైనిక శిక్షణకు వెళ్ళిన ఒక మాస్టారి స్థానంలో పాఠాలు చెప్పాడు. తనకు పాఠం చెప్పడం ఇంత ఇష్టమని అప్పుడే తెలిసింది. ఉదయం అయిదారు గంటలు చెప్పినా అలసట లేదని, మధ్యాహ్నాలు గ్రంథాలయానికి వెళ్ళి చదువుకుంటున్నానని సంబరంగా రాశాడు. తర్వాత షాఫ్‌హౌజెన్‌లో ఒక ప్రైవేటు బడి యజమాని దగ్గర ఒక ఇంగ్లీషు కుర్రవాడికి ట్యూషన్. అక్కడ భోజనం డబ్బుల దగ్గర యజమానితో గొడవైంది. కొన్ని నెలలకే బయటికొచ్చేశాడు. ఫ్రావెన్‌ఫెల్డ్ ఊరి బడిలో ఉపాధ్యాయ పోస్టు పడితే ఐన్‌స్టీన్ పెట్టుకున్నాడు, గ్రోస్‌మన్ కూడా పెట్టుకున్నాడు. వచ్చింది గ్రోస్‌మన్‌కు. ఐన్‌స్టీన్ అభినందిస్తూ ఉత్తరం రాశాడు. స్నేహం చెడలేదు. మనలో ఎంతమందిమి ఆ ఉత్తరం రాయగలం?

మిలేవా పరిస్థితి ఇంకా అన్యాయం. 1901 జూలైలో రెండోసారి పరీక్ష రాసి మళ్ళీ తప్పింది. అప్పటికి గర్భవతి. ఉద్యోగం లేని వాడితో పెళ్ళేమిటని అబ్బాయి తల్లి ససేమిరా అంది. మిలేవా పుట్టింటికి వెళ్ళిపోయింది, 1902 మొదట్లో అక్కడ ఆడపిల్ల పుట్టింది. ఆ పాప ఉందన్న సంగతే ఉత్తరాలు బయటపడిన 1980ల దాకా లోకానికి తెలియదు. ఐన్‌స్టీన్ జీవితంలో ఈ అధ్యాయం నాకు మింగుడుపడదు. ఎంత చిన్న ఉద్యోగమైనా చేస్తాను, వెంటనే పెళ్ళి చేసుకుందాం అని ఆమెకు రాసినవాడు ఆ మాట నిలబెట్టుకునేసరికి 1903 జనవరి అయింది. పాప ఆ ఇంటికి రాలేదు. జీతం లేని రెండేళ్ళు ఎవరి మీద ఎంత భారం వేశాయో లెక్క వేస్తే, ఎక్కువ మోసింది ఆమె.

1902 ఫిబ్రవరిలో, ఇంకా ఉత్తర్వులు రాకముందే, ఐన్‌స్టీన్ బెర్న్ చేరి గది అద్దెకు తీసుకున్నాడు. స్థానిక పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు: గణిత, భౌతికశాస్త్రాల్లో ప్రైవేటు పాఠాలు చెప్పబడును, మొదటి పాఠం ఉచితం అన్న ధోరణిలో. మన ఊళ్ళో కరెంటు స్తంభాలకు అంటించే ట్యూషన్ కాగితాలకూ దానికీ తేడా లేదు. ఆ ప్రకటన చూసి మోరిస్ సొలోవిన్ అనే రుమేనియా విద్యార్థి వచ్చాడు. రెండు మూడు రోజుల్లోనే పాఠం కాస్తా వాదోపవాదాలుగా మారింది, ఫీజు సంగతి వెనక్కుపోయింది. కాన్రాడ్ హాబిష్ట్ అనే ఇంకో మిత్రుడు కలిశాడు. ముగ్గురూ కలిసి తమ గుంపుకు ఒలింపియా అకాడమీ అని వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు. సాసేజీ ముక్క, చీజు, పళ్ళు, టీ, ఇదీ విందు. హ్యూమ్, మాఖ్, పాయింకరే పుస్తకాలు చదివి అర్ధరాత్రి దాకా పోట్లాడుకునేవారు. ఆకలి మాత్రం నిజమే. ఫిడేలు పట్టుకుని వీధుల్లో వాయిస్తే ఇంతకంటే తేలిగ్గా బతకొచ్చునని ఐన్‌స్టీన్ జోకు వేసేవాడట.

1902 జూన్ 16న నియామకం, 23న విధుల్లో చేరిక. మూడో తరగతి సాంకేతిక నిపుణుడు, ఏడాదికి 3,500 ఫ్రాంకులు. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. ఎదుట పెట్టిన దరఖాస్తులో పరికరం నిజంగా పనిచేస్తుందా, కొత్తదేనా అని తేల్చాలి. దరఖాస్తుదారు చెప్పేదంతా తప్పని అనుకుని మొదలుపెట్టమని హాలర్ నేర్పాడు. చాలా గట్టి మనిషి, మొహమాటం లేదు. భౌతికశాస్త్ర ఆచార్యులు నేర్పలేకపోయిన క్రమశిక్షణ ఈ ఆఫీసరు నేర్పాడు, శిష్యుడు దాన్ని జీవితాంతం తలచుకున్నాడు.

అదే ఏడు అక్టోబరులో హెర్మన్ మిలాన్‌లో పోయాడు. పోయేముందు పెళ్ళికి ఒప్పుకున్నాడు. కొడుకు స్థిరపడ్డాడన్న మాట చెవిన పడ్డాకే కన్ను మూశాడు. అంతవరకు నయం.

కష్టాలే మేధావులను తయారు చేస్తాయని వేదికల మీద చెప్పేవాళ్ళకు ఒక లెక్క చూపిస్తాను. ఉద్యోగం లేని కాలపు పరిశోధనగా మిగిలింది రెండు పత్రాలు. ఆ రెండూ ఎందుకూ కొరగానివని తర్వాత ఐన్‌స్టీన్ తానే తేల్చేశాడు. డాక్టరేటు కోసం 1901 చివర ఇచ్చిన సిద్ధాంత వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు, కట్టిన 230 ఫ్రాంకుల ఫీజు తిరిగొచ్చింది. అంతే. లోకాన్ని తిప్పేసిన పత్రాలు వచ్చింది 1905లో, మూడేళ్ళపాటు నెల నెలా జీతం తీసుకున్న తర్వాత. 1904 సెప్టెంబరులో ఉద్యోగం పర్మినెంటు అయింది, జీతం 3,900 ఫ్రాంకులైంది. మరుసటి మార్చికి కాంతి క్వాంటం పత్రం, మేలో బ్రౌనియన్ చలనం, జూన్‌లో సాపేక్షత, సెప్టెంబరులో ద్రవ్యరాశి, శక్తి సంబంధం. పెళ్ళాం, ఏడాది బిడ్డ, అద్దె ఇల్లు, ఆఫీసు పని, వీటి మధ్య. ఆకలితో ఉన్న రెండేళ్ళలో రానిది అన్నం తిన్న మూడేళ్ళకు వచ్చింది. ఇది తేలిగ్గా తీసుకోవలసిన లెక్క కాదు.

1905లో డాక్టరేటు తెచ్చిపెట్టిన సిద్ధాంత వ్యాసాన్ని అంకితమిచ్చింది మిత్రుడు మార్సెల్ గ్రోస్‌మన్‌కు.

తాను అందుకున్న సాయాన్ని ఐన్‌స్టీన్ తన దగ్గరే ఆపుకోలేదు. 1904లో అదే కార్యాలయంలో ఇంకొక ఖాళీ పడితే తన మిత్రుడు, ఇంజనీరు మికేలే బెస్సోకు చెప్పి దరఖాస్తు పెట్టించాడు. బెస్సో చేరాడు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి ఇళ్ళకు నడుస్తూ మాట్లాడుకునేవారు. 1905 మేలో కాలం గురించి తనకు చిక్కుపడ్డ ముడిని ఐన్‌స్టీన్ బెస్సోతో చర్చించాడు. మర్నాడే విడిపోయింది. సాపేక్షత పత్రంలో ఎవరి గ్రంథాలనూ ఉటంకించలేదు. చివర కృతజ్ఞత చెప్పిన పేరు ఒక్కటే, బెస్సోది.

మన పిల్లల సంగతి ఇక్కడే చెప్పాలి. 2009లో మన బడి పాత విద్యార్థి ఒకడు, బి.టెక్. పూర్తి చేసినవాడు, నా దగ్గరికి వచ్చాడు. ఆఫర్ లెటర్ ఉంది, చేరే తేదీ మూడుసార్లు వాయిదా పడింది. ఊళ్ళో అందరికీ ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్నారు కనుక బయటికి రావడానికి సిగ్గు. మన 1988 బ్యాచ్ అమ్మాయి ఒకామె పుణెలో పనిచేస్తోందని గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆవిడకు వీడెవడో తెలియదు. ఏ బ్యాచ్, ఏ మాస్టారు అని రెండు ప్రశ్నలు అడిగి, రెజ్యూమే పంపమంది. తిప్పి రాయించింది, ఎక్కడ ఏం అడుగుతారో చెప్పింది. నాలుగు నెలల తర్వాత వాడికి సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చిన్న ఉద్యోగం వచ్చింది. అందుకే ఈ సంచిక చివర వేసే చిరునామాల పట్టికలో ఏం పని చేస్తున్నారు, ఏ ఊళ్ళో అన్న రెండు గళ్ళు పెట్టమని కమిటీలో పట్టుబట్టాను. పెట్టారు. ఆ గడిలో చాలామంది ప్రైవేటు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇంకా సమయముంది, ప్రెస్సుకు వెళ్ళేలోగా నింపి పంపండి.

1905 తర్వాత ఐన్‌స్టీన్‌కు తలుపులన్నీ తెరుచుకున్నాయని అనుకుంటాం. 1908 జనవరిలో ఆయన జ్యూరిచ్‌లో ఒక హైస్కూలు మాస్టరు పోస్టుకు దరఖాస్తు పెట్టాడు. పరిశోధన పత్రాలు కూడా జతచేశాడు. 21 మంది పోటీ. చివరి ముగ్గురిలో కూడా ఆయన పేరు లేదు. 1909 అక్టోబరు దాకా ఆ పేటెంటు ఆఫీసే దిక్కు. తర్వాత జ్యూరిచ్ విశ్వవిద్యాలయం, ప్రాగ్, 1912లో తాను చదివిన జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లోనే ఆచార్య పదవి. సహాయకుడిగా పనికిరాడన్న చోటికి ఆచార్యుడిగా వచ్చాడు. రప్పించడంలో పూనుకున్నవాడు అప్పటికే అక్కడ గణితాచార్యుడైన గ్రోస్‌మన్.

ఆ గ్రోస్‌మన్‌తో మళ్ళీ పని పడింది. గురుత్వాకర్షణకు కావలసిన గణితం ఐన్‌స్టీన్ దగ్గర లేదు. క్లాసులు ఎగ్గొట్టిన ఫలితం పదిహేనేళ్ళ తర్వాత ఎదురొచ్చింది. గ్రోస్‌మన్ గ్రంథాలయంలో వెతికి రీమాన్, రిచ్చి, లెవి-చివిటాల గణితం తెచ్చి ముందు పెట్టాడు. 1913లో ఇద్దరి పేర్లతో పత్రం వచ్చింది. 1915లో సాధారణ సాపేక్షత పూర్తయ్యేటప్పటికి ఐన్‌స్టీన్ బెర్లిన్‌లో ఉన్నాడు. గ్రోస్‌మన్‌కు ఆ తర్వాత నరాల జబ్బు పట్టుకుని, ఏళ్ళ తరబడి మంచాన పడి, 1936లో పోయాడు.

1955లో జ్యూరిచ్ పాలిటెక్నిక్ శతవార్షికోత్సవాలు తలపెట్టారు. మనలాగే వాళ్ళూ ప్రత్యేక సంచిక వేస్తూ, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉన్న పాత విద్యార్థిని వ్యాసం అడిగారు. ఆయనకు 76 ఏళ్ళు. మార్చిలో కొద్ది పేజీల జ్ఞాపకాలు రాసి పంపాడు. అందులో ఎగ్గొట్టిన క్లాసులున్నాయి, అరువు తెచ్చుకున్న నోట్సులున్నాయి, బెర్న్ ఉద్యోగం తన ప్రాణం నిలబెట్టిన వైనముంది. గ్రోస్‌మన్‌కు ఒక్కసారైనా అచ్చులో కృతజ్ఞత చెప్పుకోవాలన్న కోరికే తన చేత ఆ వ్యాసం రాయించిందని కూడా రాశాడు. ఆ నెలలోనే బెస్సో పోయాడు. ఏప్రిల్ 18న ఐన్‌స్టీన్ పోయాడు. ఉత్సవాలు అక్టోబరులో జరిగాయి.